ఆటగానికి ఒక మహానగరపు నివాళి

రాజులు గతించినపుడు ప్రజలు శోకించుట పూర్వకాలము నుండి ఉన్నదే. దేశనాయకులు, మహాకవులు, మతాచార్యులు కన్నుమూసినపుడు అంగళ్లు మూతపడుట, పతాకములు సగమునకు దిగుట మనము ఎరిగినదే. కాని గడచిన నూరు సంవత్సరములలో లోకమున ఒక క్రొత్త తరహా శోకము కనబడుచున్నది. అది ఆటగాని కొఱకు అభిమానులు పడు శోకము. ఆ ఆటగాడు వారికి బంధువు కాడు. వారిలో వేయింటికి ఒక్కడైనను ఆయనతో మాటాడి యుండడు. ఆయన వారికి భూము లియ్యలేదు, ఉద్యోగము లియ్యలేదు, వారి కొఱకు శాసనములు చేయలేదు. వారమునకు ఒక పర్యాయము, గంటన్నర సేపు, వారి కన్నుల యెదుట ఒక బంతితో ఆడెను. అంతియే. అయినను ఆయన పోయిన వార్త వినగానే వయసు మళ్లిన వారు సైతము నడివీథిలో నిలిచి కంటతడి పెట్టుదురు. ఇది ఎందువలన? ఇది వట్టి వెఱ్ఱి అభిమానమా? లేక మనము గౌరవింపదగిన భావ మేదైన దానిలో ఉన్నదా? ఈ ప్రశ్నను ఇటలీ దేశమందలి నేపుల్సు నగరమును ఆధారముగా గొని మనము పరిశీలింతము.

ముందుగా ఆచారములను గూర్చి కొంత చెప్పవలసి యున్నది. ఫుట్‌బాల్ ఆడు దేశములన్నింటను మృతులకు గౌరవము చూపు పద్ధతులు కొన్ని స్థిరపడినవి. వానిలో మొదటిది మౌనము. ఆట ప్రారంభమగుటకు ముందు ఇరుపక్షముల ఆటగాండ్రును మైదానము నడుమనున్న వలయము చుట్టును నిలుతురు. రిఫరీ ఈల వేయును. ఒక నిమిషము ఎవరును కదలరు, పలుకరు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1919 నవంబరు 11వ తేదీన, బ్రిటిషు సామ్రాజ్య మంతటను యుద్ధమృతులకై రెండు నిమిషముల మౌనము పాటింపబడెను. అట్టి మౌనమే ఆ వెనుక ఆటస్థలములందును అలవాటయ్యెను. అరువదివేల మంది కేకలతో మారుమ్రోగుచుండిన చోట ఒక్కసారిగా పతాకము రెపరెపలాడు చప్పుడు కూడ వినబడునంతటి నిశ్శబ్దము క్రమ్ముట సామాన్యమైన అనుభవము కాదు.

రెండవది చప్పట్లు. ఇటలీలో శవపేటికను దేవాలయము నుండి వెలుపలికి తెచ్చునపుడు గుమిగూడిన జనులు చప్పట్లు చఱతురు. దీనిని మొదటిసారి చూచిన మనవారికి ఆశ్చర్యము కలుగవచ్చును. అది అచ్చట అవమానము కాదు. బ్రదుకంతయు చక్కగా నడపితివని మెచ్చుకొని సాగనంపుటయే దాని భావము. ఇటీవలి దశాబ్దములలో ఇంగ్లండు మొదలగు దేశములందును మౌనమునకు మారుగా ఒక నిమిషము చప్పట్లు చఱచు పద్ధతి వ్యాపించినది. దీనికి ఒక లౌకిక కారణము కూడ లేకపోలేదు. మౌనమును చెడగొట్టుటకు ప్రతిపక్షపు అభిమాని ఒక్కడు అఱచిన చాలును. చప్పట్ల నడుమ ఆ కేక మునిగిపోవును.

ఇక ముంజేతికి పైన నల్లని పట్టీ కట్టుకొని ఆడుట, గతించిన వాని పేరు చొక్కాపై ధరించుట, ఆయన ధరించిన అంకెను మఱి యెవరికిని ఇయ్యక దాచియుంచుట, క్రీడాంగణమునకు ఆయన పేరు పెట్టుట మొదలగునవి తక్కిన పద్ధతులు. పోర్చుగల్ దేశమున లిస్బన్ నగరపు బెన్‌ఫికా క్లబ్బునకు పేరు తెచ్చిన యూసేబియో 2014 జనవరి 5వ తేదీన మరణించెను. ఆయన శవపేటికను క్లబ్బు మైదానమునకు గొనివచ్చి, ఆయన పరుగెత్తిన నేలచుట్టును త్రిప్పిరి. వారము గడచిన పిమ్మట జరిగిన పోటీలో బెన్‌ఫికా ఆటగాండ్రు అందరును ఆయన పేరుగల చొక్కాలనే ధరించి ఆడి గెలిచిరి. బ్రెజిల్ దేశపు పెలే 2022 డిసెంబరు 29వ తేదీన గతించగా, సాంటోస్ నగరమున ఆయన ఆడిన క్లబ్బు మైదానము నడుమనే భౌతికకాయమును ఉంచిరి. ఒక పగలును ఒక రాత్రియును గడచునంతలో రెండు లక్షలకు పైగా జనులు వరుసలు తీరి దర్శించి పోయిరి.

ఈ ఆచారము లన్నియు ఒక్కచోట చేరి, వానికి మించినది కూడ జరిగిన చోటు నేపుల్సు. అచ్చటి జనులు ఎవరికై శోకించిరో ఆ మనిషి వారి నగరమున పుట్టినవాడు కాడు, వారి దేశీయుడును కాడు. ఆయన అర్జెంటీనా దేశస్థుడైన డియేగో మారడోనా.

నేపుల్సు దక్షిణ ఇటలీలో సముద్రతీరమున, వెసూవియసు అను అగ్నిపర్వతము నీడలో ఉన్నది. పురాతనమైన నగరము. సంగీతమునకు, నాటకమునకు, వంటకములకు ప్రసిద్ధి చెందినది. కాని ఇటలీ ఏకదేశమైన పిమ్మట ధనమును, కర్మాగారములును ఉత్తరభాగమునకే అధికముగా చేరినవి. టూరిన్, మిలాన్ నగరములు కార్లకును, యంత్రములకును నెలవులయ్యెను. దక్షిణమునుండి వేలకొలది యువకులు కూలికై రైలెక్కి ఉత్తరమునకు పోయిరి. ఆటలోను ఇదే తీరు. టూరిన్‌లోని జువెంటస్, మిలాన్ నగరమందలి రెండు క్లబ్బులు లీగు పోటీలలో పలుమారులు గెలుచుచుండగా, 1926లో స్థాపితమైన నేపుల్సు క్లబ్బు 1980వ దశకము నడుమ వరకును ఒక్కసారియైనను గెలువలేదు. ఆ క్లబ్బు పేరు నాపోలీ. ఇటలీ భాషలో నగరము పేరును అదియే. ఆ జట్టు ఉత్తరాదికి ఆడబోయినపుడు అచ్చటి ప్రేక్షకులు స్నానము చేసి రండని, వెసూవియసు మిమ్ము కాల్చుగాక యని వ్రాసిన గుడ్డలు ప్రదర్శించుట పరిపాటి. పైపెచ్చు 1980 నవంబరు 23వ తేదీన వచ్చిన భూకంపము నేపుల్సు వెనుకనున్న కొండసీమలలో వేలకొలది ప్రాణములను బలిగొనెను. నగరమందును అనేకులు ఇండ్లు కోల్పోయిరి.

అట్టి నగరమునకు 1984లో మారడోనా వచ్చెను. ఆయన 1960 అక్టోబరు 30వ తేదీన పుట్టెను. బ్యునోస్ ఎయిరెస్ నగరపు దక్షిణపు అంచున, మంచినీటి వసతియు సరిగా లేని విల్యా ఫియొరీతో అను పేదవాడలో పెరిగెను. పదునాఱేండ్లు నిండకముందే పెద్దల లీగులో ఆడెను. పొట్టివాడు, బలిష్ఠుడు. ఎడమకాలితో బంతిని తన దేహమున ఒక అవయవమా యనునట్లు త్రిప్పగలవాడు. స్పెయిన్ దేశపు బార్సిలోనా క్లబ్బు నుండి ఆయనను కొనుటకు నాపోలీ చెల్లించిన ధనము అదివరకు ఏ ఆటగానికిని ఎవరును చెల్లింపనంతటిది. 1984 జూలై 5వ తేదీన ఆయనను క్రీడాంగణమున ప్రజలకు చూపిరి. ఆనాడు ఆట లేదు, పోటీ లేదు. బంతిని కాలితో కొన్ని మారులు ఎగురవేసి చూపుటయే కార్యక్రమము. దానికై డెబ్బదివేల మంది వచ్చిరి. ఉత్తరాది ధనిక క్లబ్బులను కాదని లోకములోని మేటి ఆటగాడు తమ యింటికి వచ్చుట వారికి నమ్మశక్యము కాని సంగతి.

ఆ తరువాతి కథను క్లుప్తముగా చెప్పుదుము. 1986లో మెక్సికోలో అర్జెంటీనాకు నాయకుడై ప్రపంచ కప్పు గెలిచెను. ఆ మరుసటి యేడు, 1987 మే 10వ తేదీన, నాపోలీ మొట్టమొదటి మారు ఇటలీ లీగు విజేత యయ్యెను. 1989లో యూరపు క్లబ్బుల పోటీలలో ఒకటియైన యూఫా కప్పును, 1990లో రెండవ మారు లీగును గెలిచెను. ఏడు సంవత్సరములలో ఆయన నాపోలీ తరఫున 259 పోటీలాడి 115 గోళ్లు చేసెను. ఆ క్లబ్బున ఈ లెక్కను మఱియొకడు దాటుటకు 2017 డిసెంబరు వరకు పట్టినది.

1987 మే మాసపు ఉత్సవమును మాత్రము కొంత విపులముగా చెప్పవలెను. ఏలన మరణమునకును, ఆటకును నేపుల్సులో గల చుట్టరికము దానియందే తెలియును. ఆ నగరమున ఎవరైన మరణించినచో నల్లని అంచుగల కాగితముపై అచ్చొత్తించి గోడలకు అంటించు ఆచార మున్నది. లీగు గెలిచిన నాడు కుఱ్ఱవాండ్రు జువెంటస్, మిలాన్ క్లబ్బులు మరణించినవని అట్టి ప్రకటనలే అచ్చొత్తించి గోడలకు అంటించిరి. ఉత్తుత్తి శవపేటికలు మోసిరి. శ్మశానపు గోడపై ఎవరో, మీరెంత పోగొట్టుకొంటిరో మీకు తెలియదని మృతుల నుద్దేశించి వ్రాసిరనియు, మరునాడు దాని క్రిందనే, మేము చూడలేదని మీకెవరు చెప్పిరని మృతులు బదులిచ్చినట్లు మఱియొకరు వ్రాసిరనియు ఇప్పటికిని చెప్పుకొందురు. నవ్వు పుట్టించు ఈ మాట వెనుక గొప్ప వేదన యున్నది. అరువది సంవత్సరములు తమ జట్టు ఓడుట చూచి, గెలుపు చూడకయే పోయిన తండ్రులు, తాతలు ప్రతి యింటను ఉండిరి. గెలిచిన నాడు కుమారులకు మొదట జ్ఞప్తికి వచ్చినవారు వారే.

ఈ అనుబంధము మచ్చలేనిది కాదు. 1990 జూలై 3వ తేదీన ప్రపంచ కప్పులో ఇటలీకిని, అర్జెంటీనాకును పోటీ విధివశమున నేపుల్సులోనే జరిగెను. ఏడాది పొడుగున తమ్ము హీనముగా చూచు ఇటలీ పక్షమును వదలి తన పక్షము వహింపుమని మారడోనా నేపుల్సు వారిని కోరెను. వారు నిన్ను ప్రేమింతుము గాని మా దేశము ఇటలీయే యని గుడ్డలపై వ్రాసి బదులిచ్చిరి. అర్జెంటీనా పెనాల్టీలలో గెలిచెను. ఇటలీ తక్కిన భాగములందు ఆయనపై కోపము రగిలెను. 1991 మార్చిలో జరిగిన వైద్యపరీక్షలో ఆయన కొకెయిన్ అను మత్తుపదార్థమును సేవించినట్లు తేలగా పదునైదు మాసములు ఆట నిషేధించిరి. స్వాగతమునకు డెబ్బదివేల మంది వచ్చిన నగరమును ఆయన వీడ్కోలు ఉత్సవ మేదియు లేకుండ విడిచి వెళ్లెను. నేరస్థుల ముఠాలకు చెందిన వారితో స్నేహము, పన్నుల బకాయిలను గూర్చి యేండ్ల తరబడి తగవులు, నేపుల్సులో పుట్టిన కుమారుని బహుకాలము తన కుమారునిగా అంగీకరింపకపోవుట, ఇవి యన్నియు ఆయన జీవితమున ఉన్నవి. మఱుగుపఱచుటకు వీలు లేదు.

ఆయన పోయిన పిమ్మట క్లబ్బు దశయు దిగజారెను. 2000లో పదవ నంబరు చొక్కాను ఇక మీదట ఎవరికిని ఇయ్యరాదని నిర్ణయించిరి. 2004లో క్లబ్బు దివాలా తీసి మూడవ శ్రేణికి దిగెను. ఆ శ్రేణిలో ఒకటి మొదలు పదకొండు వరకు గల అంకెలనే ధరింపవలెనను నియమముండుటచే, దాచియుంచిన ఆ పదవ నంబరును మఱల బయటికి తీయవలసి వచ్చెను. పై శ్రేణుల కెగబ్రాకిన పిదప తిరిగి దాచిరి. 2005 జూన్ 9వ తేదీన తన పాత సహచరుడు చిరో ఫెరారా వీడ్కోలు పోటీకి మారడోనా వచ్చినపుడు క్రీడాంగణము క్రిక్కిరిసెను. 2017 జూలై 5వ తేదీన, అనగా ఆయన తొలిసారి నేపుల్సు మైదానమున కనబడి సరిగా ముప్పదిమూడేండ్లు గడచిన నాడు, నగరపాలకులు ఆయనకు గౌరవ పౌరసత్వ మిచ్చిరి. నేపుల్సు వారు ఆయనను బ్రదికియుండగనే తిరిగి పిలిచి గౌరవించిరను మాట ఇచ్చట గమనింపవలెను.

2020 నవంబరు 25వ తేదీన బ్యునోస్ ఎయిరెస్ సమీపమున టీగ్రె అను చోట ఆయన గుండె ఆగెను. వయస్సు అరువది. అర్జెంటీనా ప్రభుత్వము మూడు దినములు సంతాపదినములుగా ప్రకటించెను. మరునాడు రాష్ట్రపతి భవనమున భౌతికకాయము నుంచగా తండోపతండములుగా జనులు వచ్చిరి. ఆయన పూర్వమాడిన బోకా జూనియర్స్ క్లబ్బు వారు తమ క్రీడాంగణములో దీపము లన్నియు ఆర్పి, ఆయన కూర్చుండి ఆటలు చూచుచుండిన గది యందు మాత్రము దీపము వెలిగించి యుంచిరి. ఒక్క దీపము ఎన్ని మాటలు చెప్పగలదో ఆ రాత్రి లోకము చూచెను.

నేపుల్సులో దీనికి విపర్యయముగా జరిగెను. అచ్చట క్రీడాంగణపు దీపము లన్నియు రాత్రియెల్ల వెలిగించిరి. అది కరోనా వ్యాధి ప్రబలియున్న సమయము. నేపుల్సున్న కంపానియా రాష్ట్రమున కఠినమైన కట్టుబాట్లు అమలులో ఉండెను. ఆటలు ప్రేక్షకులు లేకయే జరుగుచుండెను. అయినను జనులు ఆగలేదు. ముక్కునకు, నోటికి గుడ్డలు కట్టుకొని, కొవ్వొత్తులు, పూలు, క్లబ్బు నీలివర్ణపు స్కార్ఫులు చేతబట్టుకొని క్రీడాంగణపు ద్వారములకు చేరిరి. ఇనుప కటకటాలకు స్కార్ఫులు ముడివేసిరి. మరునాటి రాత్రి క్రొయేషియా దేశపు రియెకా జట్టుతో పోటీ జరిగెను. నాపోలీ ఆటగాండ్రందఱును ఆటకు ముందు పదవ నంబరుతో మారడోనా పేరుగల చొక్కాలు ధరించి నిలిచిరి. లోపల ఖాళీ బల్లలు. గోడకు ఆవల ఎఱ్ఱని మతాబులు, పాటలు, పొగ. లోపలి మౌనమునకు వెలుపలి కేకలే బదులు చెప్పెను. నవంబరు 29వ తేదీన రోమా జట్టుతో ఆడినపుడు అర్జెంటీనా చొక్కాను పోలిన చారల చొక్కాలు ధరించిరి. నేపుల్సు వాడైన నాయకుడు ఇన్సిన్యే ఫ్రీకిక్కుతో గోలు చేసి, పరుగున పోయి మారడోనా చొక్కాను పైకెత్తి చూపెను. 4–0గా గెలిచిరి.

డిసెంబరు 4వ తేదీన నగరపాలకులు క్రీడాంగణమునకు మారడోనా పేరు పెట్టిరి. 1959లో తెఱవబడిన ఆ క్రీడాంగణమునకు అదివరకు సాన్ పావొలో, అనగా సంత పౌలు పేరుండెను. పౌలు అపోస్తలుడు రోముకు పోవుచు ఆ సమీపమున ఓడ దిగెనని క్రైస్తవుల విశ్వాసము. అపోస్తలుని పేరుండిన చోట ఆటగాని పేరు వచ్చెను. ఇది వింతగా తోచవచ్చును. కాని నేపుల్సు నడవడి నెరిగినవారికి అంత వింత కాదు.

ఆ నగరమున సందుగొందులలో గోడలకు చిన్న చిన్న గూళ్లుండును. వానిలో మేరీమాత ప్రతిమ యో, ఏదో పవిత్రపురుషుని ప్రతిమ యో యుండును. ఇరుగుపొరుగు వారు పూలు పెట్టి దీపము వెలిగింతురు. మన యూళ్లలో రచ్చచెట్టు క్రింద రాతికి పసుపుకుంకుమలు పెట్టినంత సహజముగా ఇది జరుగును. నగరరక్షకుడైన సాన్ జెన్నారో రక్తము గాజుబుడ్డిలో భద్రపఱుపబడినదనియు, ఏటికి మూడు మారులు అది గడ్డవిడి ద్రవించుననియు, ద్రవింపకున్న నగరమునకు కీడనియు విశ్వాసము. అచ్చటి జనులు తమ రక్షకునితో చనువుగా మాటాడుదురు. ఆలస్యమైన చీవాట్లు కూడ పెట్టుదురు. అట్టివారు మారడోనాను ఆ గూళ్లలో చేర్చుకొనుట వారి అలవాటునకు దూరమైనది కాదు. ఒక కాఫీ అంగడిలో ఆయన వెండ్రుక యని ఒకదానిని మందిరమున బెట్టి చూపుదురు. అది సగము భక్తి, సగము పరిహాసము. క్రిస్మసు బొమ్మలు చేయు వీథిలో ఏసు పుట్టుక బొమ్మల ప్రక్కనే పదవ నంబరు బొమ్మయు అమ్మకమునకుండును.

వీనిలో మిక్కిలి పేరుపొందినది స్పానిషు వాడలోని గోడచిత్రము. 1990లో రెండవ లీగు విజయ సమయమున మారియో ఫిలార్ది అను యువకుడు ఆ యింటిగోడపై మారడోనాను పెద్దయెత్తున చిత్రించెను. కాలక్రమమున వానకు, ఎండకు రంగు వెలిసెను. ముఖమున్న చోటనే ఎవరో కిటికీ తెఱచిరి. ఏండ్ల తరబడి అది ముఖము లేని మారడోనా. 2016లో వాడలోని వారే పూనుకొని చిత్రమును పునరుద్ధరించిరి. మరుసటి యేడు కిటికీ తలుపులపైననే ముఖమును చిత్రించుటచే, తలుపులు మూసిననాడు మనిషి పూర్తియగును. 2020 నవంబరు రాత్రులందు జనులు వెదకికొని పోయిన చోటులలో ఇది యొకటి. అదివరకు ఇరుకైన ఆ మలుపు ఇప్పుడు యాత్రాస్థలమువలె ఉన్నది. స్కార్ఫులు, చొక్కాలు, గతించిన తమ వారి ఛాయాచిత్రములు కూడ జనులు తెచ్చి అచ్చట ఉంచుదురు. ఈ చివరి సంగతి ముఖ్యమైనది. వారు ఆయన నొక్కనినే స్మరించుట లేదని అది చెప్పుచున్నది.

ఇంతటి దోషములు గల మనిషికి ఇంతటి గౌరవమా యని అడుగువారు ఆనాడే ఉండిరి. స్పెయిన్ దేశమున ఒక పోటీకి ముందు మారడోనాకై మౌనము పాటించుచుండగా ఒక క్రీడాకారిణి అందఱును నిలిచియున్న వరుసలో వెనుదిరిగి నేలపై కూర్చుండెను. స్త్రీలను హింసించెనని ఆయనపై వచ్చిన ఆరోపణలను మఱచి గౌరవింపజాలనని ఆమె భావము. ఆమె చర్యను గూర్చి తీవ్రమైన వాదోపవాదములు జరిగెను. మా అభిప్రాయమున ఆమె ప్రశ్న కొట్టివేయదగినది కాదు. నివాళి యనునది న్యాయస్థానపు తీర్పు కాదు. పోయిన వాడు నిర్దోషియని అది ప్రకటింపదు. అయినను నివాళి పేరిట ఇతరుల గాయములను మఱుగుపఱచినచో అది స్తోత్రమే యగును గాని స్మృతి కాదు. నేపుల్సులో ఆయనను నిజముగా ఎరిగిన వారి మాటలు విన్నచో వారు ఆయన తప్పులను దాచరు. తమ యింటి పెద్దకుమారుని గూర్చి చెప్పునట్లు చెప్పుదురు. బిడ్డ చెడు త్రోవ త్రొక్కినాడని ఒప్పుకొని, కంట నీరు పెట్టుకొని, ఆ మీదనే ఆనాడు ఇంటిని నిలబెట్టినవాడు వాడే యందురు.

ఇక మనము మొదట వేసికొన్న ప్రశ్నకు వత్తము. ఈ శోకమునకు మూల మేమి? మాకు మూడు కారణములు తోచుచున్నవి.

మొదటిది కృతజ్ఞత. తలవంచుకొని నడచిన జనులను ఒకడు తలయెత్తుకొని నడచునట్లు చేసినచో, ఆ ఉపకారము డబ్బుతో కొలుచునది కాదు. ఉత్తరాది కర్మాగారమున పనిచేయు నేపుల్సు కూలివాడు 1987 మే 11వ తేదీ ఉదయమున తోటివారి యెదుట ఎట్లు నడచి యుండునో ఊహించుకొనవచ్చును. అతని జీతము పెరుగలేదు, గది మారలేదు. నడక మారినది.

రెండవది కాలము. ఆట చూచునపుడు మనము ఒంటరిగా చూడము. తండ్రి భుజముపై కూర్చుండి చూతుము. అన్నతో, స్నేహితునితో చూతుము. మైదానమునకు పోలేనివారు రేడియో చుట్టు చేరి విందురు. ఇటలీలో 1960 జనవరి నుండి, ఏకకాలమున జరుగు పోటీల సంగతులను ఒక మైదానమునుండి ఇంకొక మైదానమునకు మారుచు నిమిషనిమిషమునకు వినిపించు రేడియో కార్యక్రమము ఆదివారపు మధ్యాహ్నములను ఏలినది. భోజనము ముగియగానే ఇంటిల్లిపాదియు ఆ పెట్టె చెంతకు చేరెడివారు. రేడియో గల మన పాఠకులకు ఇది వేరుగా చెప్పనక్కఱ లేదు. కావున ఒక ఆటగాడు గతించినపుడు, ఆయనతో గూడ ఆ మధ్యాహ్నములు, ఆ కంఠములు, ఆ ప్రక్కనుండిన మనుష్యులు మరల ఒక్కసారి గతింతురు. గోడచిత్రము వద్ద తండ్రి ఛాయాచిత్రము నుంచిన కుమారుడు ఏడ్చునది ఎవరికొఱకో ఇప్పుడు చెప్పుట సులభము.

మూడవది కూడిక. ఇంటిలో మరణము సంభవించినచో మనకు కర్మకాండ ఉన్నది; బంధువులు వత్తురు; ఏ దినమున ఏమి చేయవలెనో పెద్దలు చెప్పుదురు. నగరమంతటికి కలిగిన దుఃఖమునకు అట్టి విధి యేది? స్కార్ఫు ముడివేయుట, కొవ్వొత్తి వెలిగించుట, ఒకే పాటను వేలమంది ఒక్క గొంతుకతో పాడుట ఆ లోటును తీర్చును. కరోనా దినములలో మనుష్యుడు మనుష్యునికి దూరముగా ఉండవలసి వచ్చినపుడు, ఎందఱో తమ సొంత బంధువుల అంత్యక్రియలకే పోజాలక యుండిరి. ఆ రాత్రి నేపుల్సు ద్వారముల యొద్ద కార్చిన కన్నీటిలో అట్టి కన్నీరును కలిసి యుండునని తలంచుట అసంగతము కాదు.

శోకము శోకముతోనే నిలిచిపోలేదు. 2023 మే 4వ తేదీన ఉదీనె నగరమున 1–1గా ఆట ముగించి, నాపోలీ ముప్పదిమూడేండ్ల తరువాత మూడవ మారు లీగు విజేత యయ్యెను. పోటీ జరిగినది దూరమున. అయినను నేపుల్సులో మారడోనా పేరు పెట్టుకొన్న క్రీడాంగణమున వేలకొలది జనులు తెఱలపై ఆట చూచి ఆనందించిరి. 2025 మే 23వ తేదీన నాలుగవ మారు గెలుపొందెను. మారడోనా ఆటను కన్నులార చూడని పిల్లలు ఆయన పాటలు పాడుచు వీథులలో తిరిగిరి. వారికి ఆయనను ఎవరు పరిచయము చేసిరి? తండ్రులు, తాతలు, గోడలు. నివాళి ఫలించెనా లేదా యనుటకు ఇంతకన్న వేఱొక గుర్తు అక్కఱలేదు.

మన దేశమునకును మారడోనాతో కొంత సంబంధ మున్నది. 2008 డిసెంబరులో ఆయన కలకత్తాకు, 2012 అక్టోబరులో కేరళలోని కన్ననూరునకు వచ్చినపుడు జనసముద్రము పొంగెను. పరదేశపు ఆటగానిని ఆదరించుట మన మంచిగుణమే. కాని ఆ సందర్భమున మన యింటి దీపములను కూడ ఒకమారు తలంచుకొనవలెను.

హైదరాబాదు ఒకప్పుడు భారతదేశపు ఫుట్‌బాలుకు నెలవు. బడిపంతులుగా జీవితము ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు మారులు రోవర్స్ కప్పును గెలిపించెను. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో స్వర్ణపతకము లందెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందెను. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణ కొరియాను 2–1గా ఓడించిన దినమున ఆయన దేహమును క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. 1963 జూన్ 11వ తేదీన మరణించెను. సికింద్రాబాదు ప్రాంతమున పుట్టి, కలకత్తాలో ఈస్టు బెంగాల్ క్లబ్బునకు ఆరాధ్యుడై, 1960 రోము ఒలింపిక్ క్రీడలలో హంగరీ మీదను, పెరూ మీదను గోళ్లు చేసిన తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16వ తేదీన కలకత్తాలో కన్నుమూసెను. ఈ పేర్లు మన పిల్లలలో ఎందఱికి తెలియును? రహీం సాహెబు జీవితమును ఆధారముగా గొని 2024లో ఒక హిందీ చలనచిత్రము వచ్చిన పిదపనే మనలో అనేకులు ఆయన పేరు వినిరి.

నేపుల్సు మనకు నేర్పు పాఠము విగ్రహములు నిలుపుటను గూర్చినది కాదు. శిలావిగ్రహమునకు ఏటికొక పూలమాల వేసి మఱచిపోవుట సులభము. వెలిసిన చిత్రమునకు వాడలోని వారే తిరిగి రంగు వేయుట, చూడని ఆటను తాత మనుమనికి కన్నులకు కట్టునట్లు చెప్పుట, బ్రదికియున్న నాడే పిలిచి పీట వేయుట, మంచిని చెప్పునపుడు చెడును దాచకుండుట నిజమైన నివాళి. వీనిలో ధనము కావలసినది ఏదియు లేదు. ఈ ఆదివారము ఇంటిలో రేడియో మ్రోగుచుండగా పెద్దవారెవరైన ఫతే మైదానమున చూచిన ఆటను గూర్చి ప్రస్తావించినచో, రేడియోను కొంచెము తగ్గించి, పిల్లలను పిలిచి వారి చెంత కూర్చుండబెట్టుడు.